రెప్ప మీద ఒక మడత: తూర్పు ఆసియా కనురెప్పల శస్త్రచికిత్సలో దారం, కోత, మిల్లీమీటర్లు

అద్దం ముందు నిలబడి చూసుకుంటే పైరెప్ప మీద, వెంట్రుకలకు కాస్త ఎగువన, ఒక సన్నని మడత కనిపిస్తుంది. కన్ను మూసినప్పుడు అది గీతలా ఉండి, తెరిచినప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. తెలుగు వాడుకలో ఈ మడతకు విడిగా పేరు లేదు. కలువకన్నులు, సోగకన్నులు, చారడేసి కళ్లు అంటూ కంటి అందాన్ని ఎంత వర్ణించుకున్నా, దాదాపు అందరికీ ఉండే ఈ మడతను వర్ణించాల్సిన అవసరం మన భాషకు రాలేదు. జపనీస్‌లో మాత్రం మడత ఉన్న రెప్ప ‘ఫుతాయె’, అంటే రెండు పొరలది. లేని రెప్ప ‘హితోయె’, ఒకే పొరది. చైనీస్‌లో మడత రెప్పను ‘ష్వాంగ్ యెన్‌పీ’ అని, కొరియన్‌లో ‘స్సాంగ్‌కొపుల్’ అని అంటారు. మడత లోపలే దాగి, కన్ను తెరిస్తే కనిపించీ కనిపించనట్లు ఉండే రెప్పకు కొరియన్ వాడుకలో ‘సోక్‌స్సాంగ్’ అనీ, అసలు లేని రెప్పకు ‘ముస్సాంగ్’ అనీ వేరు వేరు మాటలున్నాయి. ప్రాంతాన్ని బట్టి లెక్క మారినా, తూర్పు ఆసియా జనాభాలో ఇంచుమించు సగం మందికి ఈ మడత పుట్టుకతో ఉండదు. ఒకే ఇంట్లో అక్కకు ఉండి చెల్లెలికి లేకపోవడం, ఒకే ముఖంలో కుడి రెప్పకు ఉండి ఎడమ రెప్పకు లేకపోవడం అక్కడ మామూలు విషయం.

ఈ మడతను కల్పించే శస్త్రచికిత్స తూర్పు ఆసియాలో అత్యధికంగా జరిగే సౌందర్య శస్త్రచికిత్సల్లో ఒకటి. దాని గురించి బయట రాసేవారు ఎక్కువగా ఒకే కోణంలో చూస్తారు: పాశ్చాత్యుల కళ్లలా మార్చుకోవాలన్న మోజు. ఆ చర్చకు కారణాలు ఉన్నాయి కానీ, ఆపరేషన్ బల్ల మీద నిజంగా జరిగే పని దానివల్ల మరుగున పడుతోంది. రెప్పను పైకెత్తే కండరానికీ, రెప్ప చర్మానికీ మధ్య సహజంగా లేని బంధాన్ని ఏర్పరచడమే ఆ పని. ఆ బంధాన్ని దారంతో వేయాలా, కోసి మచ్చ కట్టించి వేయాలా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే నూట పాతికేళ్లకు పైగా పద్ధతులు పుట్టుకొస్తున్నాయి. చేయించుకోబోయే మనిషి అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఆ పద్ధతుల్లో ఏ భాగాన్ని వెనక్కి తీసుకోవచ్చు, ఏ భాగాన్ని తీసుకోలేము అన్నది.

మడత ఎలా పడుతుందో అర్థం కావాలంటే కిటికీ తెరను ఊహించుకోవచ్చు. తెరకు లోపలి వైపు ఒకే వరుసలో దారాలు కుట్టి పైకి లాగితే గుడ్డ ఆ వరుస దగ్గరే లోపలికి పోతుంది, దాని పై భాగం మడతగా కిందికి వాలుతుంది. కనురెప్పలో ఆ లాగే పని లెవేటర్ అనే కండరానిది. కంటిగూటి లోతుల్లో మొదలై ముందుకు వచ్చే ఈ కండరం, చివరకు పలుచని పొరగా మారి, రెప్పకు గట్టిదనాన్నిచ్చే టార్సల్ పలకకు అతుక్కుంటుంది. మడత ఉన్న రెప్పల్లో దాని నుంచి సన్నని పోగులు చర్మం వరకూ వస్తాయన్నది చాలాకాలంగా ఉన్న వివరణ. కన్ను తెరవగానే కండరంతో పాటు ఆ వరుసలోని చర్మం కూడా లోపలికి లాగబడుతుంది.

మడత లేని రెప్పలో ఈ పోగులు బలహీనంగా ఉంటాయి, లేదా చర్మాన్ని చేరవు. అంతకంటే ముఖ్యమైన తేడా కొవ్వుది. కంటిగూటిలోని కొవ్వును వెనక్కి పట్టి ఉంచే ఒక పలుచని తెర ఉంటుంది. మడత ఉన్న రెప్పలో ఆ తెర టార్సల్ పలక పై అంచుకు ఎగువనే లెవేటర్ పొరతో కలిసిపోతే, మడత లేని రెప్పలో అది ఇంకా కిందికి దిగి, పలక ముందు భాగంలో కలుస్తుంది. అందువల్ల కొవ్వు కూడా కిందికి జారి, కండరానికీ చర్మానికీ మధ్య దిండులా నిలుస్తుంది. తూర్పు ఆసియా రెప్ప నిండుగా, నునుపుగా కనిపించడానికి కారణం ఇదే. ఇది రోగం కాదు, లోపమూ కాదు, రెప్ప నిర్మాణంలో ఒక రకం మాత్రమే. మన నగరాల్లో చదువుకోవడానికీ, ఉద్యోగాలకూ వచ్చిన ఈశాన్య రాష్ట్రాల యువతీ యువకులను కళ్ల పేరుతో ఎగతాళి చేసేవారికి ఈ ఒక్క వాక్యమైనా చేరితే మేలు.

ఈ శస్త్రచికిత్స గురించిన తొలి వైద్య రచన 1896 నాటిది, జపాన్‌లో మికామో అనే వైద్యుడు రాసినది. ఆయన చికిత్స చేసిన స్త్రీకి ఒక కంటికి మడత ఉంది, రెండో కంటికి లేదు. రెప్ప మందం గుండా పట్టు దారంతో కుట్లు వేసి, కొద్ది రోజుల తర్వాత వాటిని తీసేసి, రెండో కంటికీ మడత తెప్పించాడు. ఇక్కడ ఆగి గమనించవలసిన విషయం ఒకటుంది. తొలి రోగికి నమూనా ఎవరో విదేశీయురాలి కన్ను కాదు, ఆమెదే అయిన మరో కన్ను. అయితే మేజీ చక్రవర్తి కాలపు (1868–1912) జపాన్‌లో పాశ్చాత్య ప్రభావం బలంగా ఉందన్నదీ, అంతకు ముందరి ఉకియో-ఎ అనే చెక్క అచ్చు చిత్రాల్లోని అందగత్తెల్లో ఎక్కువమందికి సన్నని కళ్లే ఉండేవన్నదీ నిజమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ చికిత్స విస్తరించిన తీరులో అమెరికా నీడ స్పష్టంగా కనిపిస్తుంది. కొరియా యుద్ధానంతరం అక్కడ పనిచేసిన అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్, తన దగ్గరికి వచ్చిన ఒక కొరియన్ దుబాసీ కళ్లకు చేసిన శస్త్రచికిత్సను 1955లో ప్రచురించాడు. ఆ వ్యాసంలోని భాష ఈనాటి పాఠకుడికి ఇబ్బంది కలిగిస్తుంది. కానీ అప్పటికే జపాన్‌లో కుట్టు పద్ధతీ, 1929లో మరువో వివరించిన కోత పద్ధతీ వాడుకలో ఉన్నాయి; ఫిలిప్పీన్స్‌కు చెందిన సాయోక్ 1954లోనే తన పద్ధతిని ప్రచురించాడు. కాబట్టి ఇది ఆసియా వైద్యులే తమ ప్రజల రెప్పలను పరిశీలించి పెంచిన విద్య అనడమే న్యాయం.

దారంతో చేసే పద్ధతిని జపాన్, కొరియాల్లో ‘పాతిపెట్టే పద్ధతి’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మికామో కుట్లు తీసేశాడు. ఈనాటి సర్జన్ వాటిని లోపలే వదిలేస్తాడు. రెప్ప చర్మం మీద మడత పడవలసిన వరుసలో సూదిమొనంత గాట్లు కొన్ని పెట్టి, తల వెంట్రుక కంటే సన్నని నైలాన్ దారాన్ని చర్మం కింది నుంచి లోపలికి పోనిచ్చి, టార్సల్ పలకకు గానీ లెవేటర్ పొరకు గానీ పట్టించి, వెనక్కి తెచ్చి, ముడిని చర్మం కింద దాచేస్తారు. ఇలాంటి ఉచ్చులు రెండు మూడు విడివిడిగా వేసే సర్జన్లు ఉన్నారు. ఒకే దారాన్ని వరుస పొడవునా అల్లుకుంటూ పోయేవారూ ఉన్నారు. రెండు కళ్లకూ కలిపి అరగంట లోపే పని పూర్తవుతుంది. వాపు ఒకటి రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. మచ్చ దాదాపు కనిపించదు.

ఈ పద్ధతికి ఉన్న గొప్ప గుణం, దారం విప్పితే రెప్ప చాలావరకు మునుపటి స్థితికి వస్తుందన్న భరోసా. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. దారం కణజాలాన్ని కొద్ది కొద్దిగా కోసుకుంటూ సడలిపోతుంది, మడత లోతు తగ్గి ఒకనాటికి మాయమవుతుంది. చర్మం పలుచగా, కొవ్వు తక్కువగా ఉన్న యువ రెప్పల్లో అది చాలా ఏళ్లు నిలవవచ్చు. నిండైన, బరువైన రెప్పల్లోనూ, కళ్లు తరచూ నలుపుకునే అలవాటున్న వారిలోనూ త్వరగా పోతుంది. దారం రెప్ప లోపలి పొర గుండా బయటపడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను గీరుతుంది. కంట్లో ఇసుక పడినట్లు అనిపిస్తే ‘సర్దుకుంటుందిలే’ అని ఊరుకోకుండా వెంటనే చూపించుకోవలసిన సమస్య ఇది. ‘కోత లేదు, కాబట్టి ప్రమాదం లేదు’ అన్న ప్రచారం ఈ ఒక్క కారణంతోనే సగం నిజంగా మిగులుతుంది.

కోత పద్ధతిలో బంధాన్ని నిలబెట్టేది దారం కాదు, మచ్చ. గుర్తు పెట్టిన గీత వెంట చర్మాన్ని కోసి, అవసరమైతే చర్మపు పట్టీ ఒకటి తీసి, దాని కింది కండరంలో సన్నని భాగాన్ని తొలగించి, కొవ్వును పట్టి ఉంచే తెరను తెరుస్తారు. అక్కడ పసుపు రంగు కొవ్వు బయటికి ఉబికి వస్తుంది, దాన్ని పక్కకు జరిపితే వెనక తెల్లగా మెరిసే లెవేటర్ పొర కనిపిస్తుంది. కొవ్వును కొంత తీయవచ్చు, లేదా పైకి నెట్టి వదిలేయవచ్చు. తర్వాత కోత కింది అంచును లెవేటర్ పొరకు గానీ, టార్సల్ పలకకు గానీ కలిపి కుడతారు. బయటి కుట్లను 5 నుంచి 7 రోజుల్లో తీసేస్తారు. ఆలోగా లోపల మొదలైన మచ్చ క్రమంగా గట్టిపడి, చర్మాన్నీ కండరాన్నీ శాశ్వతంగా కలిపేస్తుంది.

ఎక్కడ కలపాలన్న దాని మీద సర్జన్ల మధ్య దశాబ్దాలుగా వాదం నడుస్తోంది, అది పట్టించుకోదగ్గ వాదం. పలకకు గట్టిగా బిగిస్తే మడత ఊడిపోదు, కానీ పలక వంగని గట్టి వస్తువు కాబట్టి కన్ను మూసినప్పుడు కూడా గీత దగ్గర గుంట పడినట్లు కనిపిస్తుంది. లెవేటర్ పొరకు కలిపితే కన్ను తెరిచినప్పుడు మడత పడి, మూసినప్పుడు విప్పారుతుంది. పుట్టుకతో వచ్చిన మడత ప్రవర్తించేదీ అలాగే. హొనలూలూలో పనిచేసిన రాబర్ట్ ఫ్లవర్స్ గట్టిగా లంగరు వేసినట్లు బిగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ తర్వాతి తరం సర్జన్లలో చాలామంది చర్మాన్ని నేరుగా బిగించకుండా, దాని కింది కండరపు అంచును లెవేటర్‌కు కలిపి మెత్తని మడత తెప్పించడానికి మొగ్గు చూపారు. కన్ను మూసి ఉన్న ఫొటో చూపించకుండా తెరిచి ఉన్న ఫొటోలు మాత్రమే చూపించే ప్రకటన, ఈ తేడా తెలిసినవారికి సగం సమాచారంగానే కనిపిస్తుంది.

ఈ రెండింటికీ మధ్య చిన్న కోతలతో చేసే పద్ధతి ఒకటుంది. కొద్దిపాటి కొవ్వు తీయాలి గానీ చర్మం తీయనక్కరలేదు అన్నప్పుడు అది సరిపోతుంది.

పద్ధతి ఏదైనా, ఫలితంలో ఎక్కువ భాగం కత్తి పట్టకముందే తేలిపోతుంది. సంప్రదింపుల గదిలో దృశ్యం ఇలా ఉంటుంది. చేతిలో అద్దం పట్టుకుని కూర్చున్న మనిషి కళ్లు మూస్తుంది. సర్జన్ సన్నని లోహపు పుల్లతో రెప్ప మీద ఒక చోట మెల్లగా నొక్కి పట్టి, కళ్లు తెరవమంటాడు. ఆ క్షణంలో అద్దంలో ఆమెకు మడత రెప్ప కనిపిస్తుంది. పుల్లను ఒక మిల్లీమీటరు పైకి జరిపి మళ్లీ చూపిస్తే ముఖమే మారినట్లు అనిపిస్తుంది. తర్వాత కొలకర్రతో రెప్ప అంచు నుంచి ఎత్తు కొలిచి, సన్నని కలంతో చుక్కలు పెడతారు. తూర్పు ఆసియా ముఖాలకు ఈ ఎత్తు సాధారణంగా 6 నుంచి 8 మిల్లీమీటర్లు. యూరోపియన్ రెప్పల్లో మడత దీనికంటే పైనే ఉంటుంది. కొలిచేటప్పుడు చర్మాన్ని లాగి పట్టారా, వదులుగా వదిలారా అన్న దాన్ని బట్టే అంకె మారిపోతుంది. పైగా, పై చర్మం మడతగా వాలి కొంత భాగాన్ని కప్పేస్తుంది కాబట్టి, కన్ను మూసి కొలిచిన 7 మిల్లీమీటర్లు కన్ను తెరిచాక 7గా కనిపించవు, అందులో చిన్న భాగమే కనిపిస్తుంది.

ఎత్తు తర్వాత ఆకారం. ముక్కు వైపు సన్నగా మొదలై చెవి వైపు పోయేకొద్దీ వెడల్పయ్యే మడతను జపాన్‌లో ‘సుయెహిరో’ రకం అంటారు, విప్పిన విసనకర్రలా ఉంటుందని. రెప్ప అంచుకు సమాంతరంగా సాగేది రెండో రకం. పుట్టుకతో మడత ఉన్న తూర్పు ఆసియా కళ్లలో ఎక్కువగా కనిపించేది మొదటిదే. ఏ ముఖానికి ఏది నప్పుతుందన్న దానిలో కంటి లోపలి మూలను కప్పే చర్మపు మడత ప్రధాన పాత్ర వహిస్తుంది. అది ఉండగా సమాంతర మడత కోరుకుంటే రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే ఆ మూలను కోసి తెరిచే అదనపు చికిత్స, కొరియన్ వాడుకలో ‘ఆప్‌తుయిమ్’, మడత చికిత్సకు జోడీగా అమ్ముడవుతోంది. దీన్ని గురించి నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది. మూలలోని చర్మం మందంగా ఉంటుంది, మచ్చ అందరికీ కనిపించే చోట పడుతుంది, ఎక్కువ తెరిస్తే గులాబీ రంగు కండ బయటపడి చూపు కోపంగా మారుతుంది, మూసే చికిత్సలు ఉన్నా మునుపటి మూల తిరిగి రావడం కష్టం. దారం వేసే నిర్ణయానికి ఒక వారం ఆలోచిస్తే, మూల తెరిచే నిర్ణయానికి ఒక ఏడాది ఆలోచించాలి.

చికిత్స సమయంలో రోగిని పూర్తిగా నిద్రపుచ్చకపోవడానికి బలమైన కారణం ఉంది. రెప్పకు మత్తు సూది వేశాక మధ్యమధ్యలో ‘కళ్లు తెరవండి, పైకి చూడండి, మూయండి’ అంటూ సర్జన్ రెండు మడతలనూ పోల్చి చూస్తాడు, కొందరు రోగిని లేపి కూర్చోబెట్టి మరీ చూస్తారు. అప్పుడు కూడా కన్ను మోసం చేస్తుంది. మత్తుమందు లెవేటర్‌లోకి ఇంకితే రెప్ప వాలుతుంది. రక్తస్రావం తగ్గించడానికి దానిలో కలిపే ఎపినెఫ్రిన్, రెప్పలోని మరో చిన్న కండరాన్ని ప్రేరేపించి రెప్పను కాస్త పైకి లేపుతుంది. ఒక కంట్లో వాపు ముందే మొదలవుతుంది. ఇన్ని తప్పుడు సాక్ష్యాల మధ్య అర మిల్లీమీటరు తేడాను పసిగట్టడమే ఈ పనిలోని అసలు నైపుణ్యం.

రెప్పను ఎత్తే కండరమే బలహీనంగా ఉంటే మడత ఒక్కటే వేయడం పొరపాటు. అలాంటివారు తమకు తెలియకుండానే నుదురు ఎగరేసి కళ్లు తెరుస్తుంటారు. మడత పడ్డాక నుదురు సడలితే కళ్లు నిద్రమత్తుగా కనిపిస్తాయి. వారికి లెవేటర్‌ను బిగించే చికిత్స కూడా కలిపి చేయాలి. వాలిన రెప్పలకు హైదరాబాద్ సహా మన నగరాల్లోని కంటి ఆసుపత్రుల్లో జరిగే శస్త్రచికిత్స కూడా తరచూ ఈ కండరం మీదే. ఆ లెక్కన ఈ విద్య తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు.

వయసు మళ్లినవారి విషయంలో అందం రెండో మాట. ఒకే పొర రెప్ప చర్మం వదులై వేలాడితే కనుపాపను కప్పేసి చూపుకే అడ్డం వస్తుంది. దక్షిణ కొరియా అధ్యక్షుడు రో మూ-హ్యూన్ 2005లో, పదవిలో ఉండగానే, వాలిన రెప్పలకు ఈ చికిత్స చేయించుకుని మడత రెప్పలతో ప్రజల ముందుకు వచ్చాడు. కొత్తగా మడత వద్దనుకునే పెద్దవారికి కనుబొమ కింద కోసి చర్మం తగ్గించే పద్ధతి మెరుగైనది; మనిషి ముఖం మారకుండా చూపు తెరుచుకుంటుంది.

యువతరం విషయం వేరు. దక్షిణ కొరియాలో నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష ముగియగానే సోల్‌లోని గంగ్నమ్, అప్‌గుజాంగ్ ప్రాంతాల క్లినిక్‌లలో విద్యార్థుల రద్దీ మొదలవుతుంది. చాలా ఇళ్లలో అది తల్లిదండ్రులిచ్చే కానుక. అక్కరలేని ఒత్తిడి ఎక్కడ నుంచి వస్తుందో చెప్పడానికి అమెరికన్ టీవీ వ్యాఖ్యాత జూలీ చెన్ 2013లో బయటపెట్టిన అనుభవం చాలు: 1995లో ఒహాయోలోని డేటన్‌లో విలేకరిగా ఉండగా, ఆమె కళ్ల వల్ల ఆసక్తి లేనట్లు కనిపిస్తుందని పై అధికారి చెప్పాడు, ఆ తర్వాతే ఆమె రెప్పల చికిత్సకు వెళ్లింది. కోసింది రెప్పనే అయినా, రోగం పై అధికారి చూపులో ఉంది. చైనా ప్రభుత్వం 2021 నవంబరులో సౌందర్య వైద్య ప్రకటనలపై జారీ చేసిన మార్గదర్శకాల్లో ‘రూపం గురించిన ఆందోళన’ను రెచ్చగొట్టడాన్ని తప్పుగా పేర్కొంది. ఇటు కిమ్ గో-ఉన్, పార్క్ సో-దమ్ వంటి కొరియన్ నటీమణులు మడత లేని కళ్లతోనే తారలయ్యారు. కొత్త మడతలను కూడా మునుపటి కంటే సన్నగా, కనిపించీ కనిపించనట్లుగా కోరుకునేవారు పెరిగారు.

ఒక సర్జన్‌ను చూపించి మరొకరితో కోత పెట్టించే మోసాలు దక్షిణ కొరియాలో బయటపడ్డాక, రోగి స్పృహలో లేకుండా జరిగే శస్త్రచికిత్సల గదుల్లో కెమెరాలు ఉండాలన్న చట్టం 2021లో ఆమోదం పొంది 2023 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. రికార్డు చేయమని అడిగే హక్కు రోగికి, లేదా సంరక్షకులకు ఉంది. రెప్పల చికిత్సను నిద్రమత్తు ఇచ్చి చేసే క్లినిక్‌లకు వెళ్లేవారికి ఇది నేరుగా ఉపయోగపడే హక్కు.

చికిత్స తర్వాత వచ్చే చిక్కుల్లో కొన్ని అరుదైనవీ, తీవ్రమైనవీ ఉన్నాయి. కంటి వెనక రక్తం చేరి చూపు పోయే ప్రమాదం వాటిలో మొదటిది. పెరుగుతున్న నొప్పి, బిగుతు, చూపు మసకబారడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. తరచుగా ఎదురయ్యేవి వేరు: రెండు కళ్ల మడతల్లో తేడా, మడత ఊడిపోవడం, ఒకటికి బదులు రెండు మూడు గీతలు పడడం, మరీ ఎత్తుగా పెట్టిన మడత కింద చర్మం ఉబ్బి ఎప్పటికీ వాచినట్లే ఉండడం. మొదటి నెలల్లో కనిపించే ఎత్తును చూసి కంగారు పడనక్కరలేదు. కోత పద్ధతిలో వాపు పూర్తిగా దిగి మచ్చ మెత్తబడడానికి ఆరు నెలలు పడుతుంది, సరిదిద్దే చికిత్సకు చాలామంది సర్జన్లు అంతవరకు ఆగమంటారు.

లోతు తక్కువైన మడతను లోతు చేయడం తేలిక. ఎత్తైన మడతను కిందికి దించడమే కష్టం. దానికి పాత మచ్చను విడదీయాలి, విడదీసిన రెండు పొరలూ మళ్లీ పాత చోటే అతుక్కోకుండా మధ్యలో ఏదైనా ఉంచాలి, కొత్త గీత కింద వేయడానికి చర్మం మిగిలి ఉండాలి. మధ్యలో ఉంచడానికి అన్నిటికంటే అనువైనది ఆ రెప్పలోని కొవ్వే. మొదటి చికిత్సలో రెప్ప సన్నబడాలని దాన్ని ధారాళంగా తీసి పారేసి ఉంటే, సర్జన్ రోగి పొట్ట నుంచో తొడ నుంచో కొవ్వు తెచ్చి ఆ ఖాళీలో పెట్టవలసి వస్తుంది.